ఇంటి సినిమాకు పాత ఎలక్ట్రోస్టాటిక్ జత: క్వాడా, మార్టిన్‌లోగనా?

సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు కొనాలని తిరిగేవాళ్లు చాలామంది రెండు పేర్ల దగ్గర ఆగుతారు: ఇంగ్లండ్ క్వాడ్, అమెరికా మార్టిన్‌లోగన్. రెండింటి సూత్రమూ ఒకటే. చిల్లుల పలకల నడుమ వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చని ప్లాస్టిక్ పొర బిగించి, దానికి వేల వోల్టుల ఆవేశం ఎక్కిస్తారు. పలకలకు పాట సంకేతం అందగానే పొర కదులుతుంది. బరువైన కోన్ లేదు కాబట్టే గొంతులో అంత తేట. అయినా సినిమా చూసే గదిలో ఈ రెండూ ఒకటి కావు.

పీటర్ వాకర్ 1963లో పని మొదలుపెట్టిన క్వాడ్ ఈఎస్ఎల్-63 బజారులోకి వచ్చింది 1981లో. పద్దెనిమిదేళ్ల శ్రమ వినగానే తెలుస్తుంది. ఆయన పలకను వలయాలుగా విడదీసి, నడిమి వలయం నుంచి బయటి వలయానికి సంకేతం రవ్వంత ఆలస్యంగా చేరేలా చేశారు. దాంతో ధ్వని పొరకు 30 సెంటీమీటర్ల వెనక ఒకే బిందువులో పుట్టినట్టు వ్యాపిస్తుంది. సుశీల పాత పాట పెడితే ఆమె ఊపిరి తీసుకున్న చోటు కూడా వినబడుతుంది. దీన్ని మించిన గొంతు నేను ఏ స్పీకర్‌లోనూ వినలేదు.

కాన్సాస్‌లోని లారెన్స్‌లో పుట్టిన మార్టిన్‌లోగన్ దారి వేరు. 1990ల నాటి ఎస్ఎల్3లో పొరను 30 డిగ్రీల వంపుతో బిగించారు. 250 హెర్ట్జ్ కింది పనంతా 10 అంగుళాల వూఫర్‌కు అప్పగించారు. ఆ అతుకు చెవికి తెలుస్తుంది. మృదంగం తొప్పి దెబ్బ వూఫర్‌లో కాస్త బరువుగా, వలంతల పలుకు పొర మీద తేలికగా వస్తాయి. సంగీతం వరకే అయితే తీర్పు క్వాడ్‌కే.

సినిమా లెక్క వేరు. పేలుడు దృశ్యంలో క్వాడ్ హద్దు త్వరగా వచ్చేస్తుంది. వోల్టేజి మితిమీరితే లోపలి రక్షణ సర్క్యూట్ ధ్వనిని ఆపేస్తుంది. 80 హెర్ట్జ్ కింద సబ్‌వూఫర్‌కు వదిలేస్తే భారం తగ్గుతుంది గానీ పోదు. ఎస్ఎల్3 ఆ దెబ్బను నిబ్బరంగా మోస్తుంది. సెంటర్ ఛానెల్ మరీ ముఖ్యం, సినిమాలో మాటలు చాలావరకు అక్కడి నుంచే వస్తాయి. మార్టిన్‌లోగన్ తన పొరలకు స్వరం కలిసే సెంటర్ స్పీకర్లు చేసింది. క్వాడ్‌కు సెంటర్ కావాలంటే మూడో 63 నిలబెట్టాలి, అది తెరకు అడ్డం. అయితే మార్టిన్‌లోగన్‌కూ ఒక పేచీ ఉంది. పై స్వరాల దగ్గర దాని ఇంపిడెన్స్ బాగా పడిపోతుంది. చవక రిసీవర్ తట్టుకోలేదు, గట్టి యాంప్లిఫైయర్ కావాలి. ఇక రెండింటి పొరలూ వెనక్కి కూడా అంతే ధ్వని విడుస్తాయి కనుక గోడకు కనీసం మూడడుగులు వదలాలి. చిన్న పడకగదికి రెండూ వద్దు.

పాతవి కొనేటప్పుడు బ్రాండు కన్నా ప్యానెళ్ల ఆయుష్షు చూడాలి. క్వాడ్ 63లో జతకు ఎనిమిది ప్యానెళ్లు. వాటిని అతికించిన జిగురు ఏళ్లు గడిచాక వదులుతుంది, తేమ ఉంటే ఇంకా తొందరగా. లోతైన స్వరం దగ్గర గరగర, ఉండుండి చిటపట వినిపిస్తే ప్యానెల్ పోయినట్టే. దుమ్ము ఆపే పల్చని తొడుగు చిరిగిందేమో కూడా చూడండి. జర్మనీ, ఇంగ్లండ్‌లలో వీటిని విప్పి కొత్తగా కట్టేవాళ్లున్నారు, కానీ అంత దూరం పంపితే రవాణా ఖర్చే భయపెడుతుంది. మార్టిన్‌లోగన్ ప్యానెల్ అరుస్తూ చావదు, నెమ్మదిగా మూగబోతుంది. మోనో పాట పెట్టండి: గొంతు నడుమ నిలవకుండా ఒక పక్కకు జరిగితే రెండో వైపు పొర అరిగిపోయింది. ప్యానెల్ మార్చడం స్క్రూడ్రైవర్ పట్టగలవాడు ఇంట్లో చేసుకునే పనే. డబ్బు కట్టే ముందు ఆ మోడల్‌కు ప్యానెల్ ఇంకా దొరుకుతోందా అని కంపెనీనే అడగండి.

మన దగ్గర మరో జాగ్రత్త ఉంది. ఈ స్పీకర్లకు కరెంటు కావాలి. అమెరికా నుంచి తెచ్చుకున్న జత 120 వోల్టులది. మన 230లో నేరుగా పెడితే కాలిపోతుంది. విశాఖ, కాకినాడ గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ కాబట్టి కిటికీలు తీసి ఉంచే గదిలో పెట్టకండి.

పాట కోసమే గది కట్టుకునేవాళ్లు ప్యానెళ్లు బాగుచేయించిన 63 తీసుకోండి. సినిమా కోసమైతే కొత్త ప్యానెళ్లు వేసిన ఎస్ఎల్3, అదే కంపెనీ సెంటర్, ఒక సబ్‌వూఫర్ చాలు. అమ్మేవారు స్పీకర్లు ఆన్ చేసి గంటసేపు వినడానికి ఒప్పుకోకపోతే మాత్రం ఏ జతా కొనకండి.