సముద్రం దాటిన జతి: రాజకుమారి గానంలో తెలుగు లయ, తెలుగు మాట

రాజకుమారి అన్న పేరుతో హిప్‌హాప్, పాప్ సంగీత రంగాలలో ఖ్యాతి గడించిన గాయని అసలు పేరు శ్వేత యల్లాప్రగడ రావు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, క్లేర్‌మాంట్ పట్టణంలో 1986లో ఒక తెలుగు కుటుంబాన జన్మించిన ఈమె చిన్ననాటనే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ రీతులలో శిక్షణ పొందారు. ఈమెను గురించి వెలువడిన రచనలలో అధిక భాగం పురస్కారాల పట్టికతోను, వేషధారణ వర్ణనతోను ముగుస్తాయి. నుదుట బొట్టు, మెడలో కాసులపేరు, నోట ర్యాప్ - ఈ వైచిత్రి పత్రికలకు చాలును. కాని విమర్శకుడు అడగవలసిన ప్రశ్న వేరు. ఈ గానంలో తెలుగుతనం అనదగినది ఉన్నదా? ఉంటే అది ఎక్కడ ఉన్నది, ఎక్కడ లేదు?

అమెరికాకు వలసవెళ్ళిన తెలుగు కుటుంబాలు తమ పిల్లలకు అందించదలచిన వారసత్వంలో కూచిపూడికి అగ్రస్థానం దక్కింది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ నుండి వెళ్ళిన శిష్యులు, ప్రశిష్యులు అక్కడి నగరాలలో పాఠశాలలు నెలకొల్పారు. కృష్ణాతీరపు ఒక గ్రామంలో పురుషులకే పరిమితమై ఉండిన కళ, రెండు మూడు తరాలు గడిచేసరికి సముద్రాల ఆవల ఆడపిల్లల చదువులో భాగమైంది. ఆదివారం ఉదయాన నేర్చిన అడవులు, జతులు ఆ పిల్లలకు మాతృదేశపు తొలి పాఠాలు. తెలుగు అక్షరాలు వారిలో చాలమందికి అందలేదు. లయ మాత్రం ఒంటబట్టింది.

ఈ లయ స్వభావాన్ని కొంత వివరంగా చూడాలి. నట్టువాంగంలో గురువు తాళాలు మోగిస్తూ, అర్థం లేని శబ్దాలను అత్యంత నియతంగా ఉచ్చరిస్తాడు. తకిట అంటే మూడు, తకధిమి అంటే నాలుగు, తకతకిట అంటే ఐదు, తకిటతకధిమి అంటే ఏడు. తిశ్ర, చతురశ్ర, ఖండ, మిశ్ర, సంకీర్ణములని ఐదు జాతులు. తాళం మారకుండా నడ మారుతుంది. నాలుగింటి మీద నాలుగుగా నడిచే శబ్దం ఉన్నట్టుండి మూడుగా నడచి, శ్రోతను ఒక క్షణం తికమకపెట్టి, తిరిగి సమానికి చేరుతుంది. ముగింపులో ఒకే పలుకుబడిని ముమ్మారు పలికి, చివరి అక్షరాన్ని సరిగ్గా సమం మీద దించడమే తీర్మానం. ఇక్కడ నాలుకే మృదంగం.

ర్యాప్ విషయానికి వస్తే, 1973లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ వాడలో, కూల్ హెర్క్ అనే యువకుడు రికార్డులు తిప్పుతూ నడిపిన విందుల నుండి హిప్‌హాప్ చరిత్రను లెక్కిస్తారు. నల్లజాతి యువకుల ఆ మాటల పాటకు కూడ ప్రాణం లయలోనే ఉన్నది. నాలుగు దెబ్బల ఆవృతం, దాని మీద అక్షరాలను ఎక్కడ ఒత్తాలి, ఎక్కడ జార్చాలి, ఎక్కడ మూడింటిగా విరిచి పరుగెత్తించాలి అన్న నేర్పే ర్యాపర్ సొత్తు. నట్టువాంగం తెలిసిన చెవికి ఈ శాస్త్రం కొత్తది కాదు, పేర్లు మాత్రమే కొత్తవి. బాల్యంలో ఫ్యూజీస్ బృందం 1996లో వెలువరించిన 'ది స్కోర్' సంపుటి రాజకుమారిని ఆకర్షించిందంటే కారణం ఇక్కడే ఉన్నది. తన ర్యాప్ నడకకు శాస్త్రీయ నృత్యపు లయలే మూలమని ఆమె పలు సంభాషణలలో చెప్పుకొన్నారు. ఆ మాట ప్రచారం కోసం అన్నది కాదనడానికి ఆమె పాటలే సాక్ష్యం. వేగంగా సాగే చరణాలలో ఆమె ఇంగ్లీషు మాటలను ఆ భాష సహజంగా ఒత్తే చోట కాక, జతి కోరిన చోట ఒత్తుతారు. త, ట, ద, క వంటి స్పర్శాక్షరాల మీద నాలుక కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంగ్లీషు మాటకు గజ్జె కట్టినట్లుంటుంది.

అయితే ఈ విద్య మొదట ఇతరుల నోట వినిపించింది. గాయనిగా నిలదొక్కుకొనకమునుపు ఆమె లాస్ ఏంజెలెస్‌లో పాటల రచయిత్రిగా పనిచేశారు. ఫాల్ ఔట్ బాయ్ బృందం 2014లో వెలువరించిన 'సెంచరీస్' పాటకు సహరచయితలలో ఆమె ఒకరు. దానికి 2016లో బి.ఎం.ఐ. పాప్ పురస్కారం లభించింది. ఇగ్గీ అజేలియా, గ్వెన్ స్టెఫానీ, ఫిఫ్త్ హార్మొనీ వంటివారి కోసం కూడ కలం పట్టారు. ఇగ్గీ అజేలియా సంపుటి 'ది న్యూ క్లాసిక్' 2015 నాటి గ్రామీలలో ఉత్తమ ర్యాప్ సంపుటి విభాగంలో పోటీకి నిలిచింది. భారతీయ వేషాన్ని, అలంకారాన్ని పాశ్చాత్య గాయనులు వేదిక మీద ధరించి మెప్పు పొందిన ఆ సంవత్సరాలలో, ఆ వేషం పుట్టుకతో వచ్చిన ఒక రచయిత్రి తెర వెనుక ఉండిపోయారు. బ్రిటన్‌లో శ్రీలంక తమిళ కుటుంబానికి చెందిన ఎం.ఐ.ఎ. 2005లోనే తన సొంత గొంతుతో 'అరులర్' వెలువరించిన సంగతి గుర్తుంచుకొంటే, అమెరికా సంగీత వ్యాపారం ఎంత ఆలస్యంగా తలుపు తీసిందో తెలుస్తుంది.

ఆమె స్వరం 2016లో 'ది కమ్ అప్' అనే లఘు సంపుటితో వెలికివచ్చింది. 'మ్యూట్' పాటలో ఆత్మప్రశంస ఉన్నది. హిప్‌హాప్‌లో అది సంప్రదాయమే, మన అవధానులకూ అది పరాయిది కాదు. 2017లో ముంబయి ర్యాపర్ డివైన్‌తో కలిసి చేసిన 'సిటీ స్లమ్స్' ఆమెకు భారతదేశంలో విశేష ప్రాచుర్యం తెచ్చింది. ఆమె రచనలలో గట్టివాటిలో ఇది ఒకటి. కాని ఇందులోని బలం ఎవరి నుండి వచ్చిందని అడిగితే, సగం డివైన్ నుండి వచ్చిందనక తప్పదు. అంధేరి వీధులలో పెరిగిన అతని హిందీకి ఆ బస్తీ సొంత ఊరు. కాలిఫోర్నియాలో స్థిమితంగా పెరిగిన గాయనికి ఆ బస్తీ సంఘీభావ స్థలం మాత్రమే. ఆమె దానిని తన అనుభవంగా భ్రమింపజేసినప్పుడు పాట పలుచబడుతుంది. లయతో అతనికి జోడుగా నిలిచినప్పుడు చిక్కబడుతుంది.

ఆ తరువాతి సినీ, దూరదర్శన జీవితాన్ని గురించి చెప్పవలసినది తక్కువ. 'జీరో' (2018), 'జడ్జ్‌మెంటల్ హై క్యా' (2019) చిత్రాలలో గళం కలిపారు. 2019లో ఎం.టి.వి. హసల్ పోటీకి రఫ్తార్, న్యూక్లియాలతో పాటు న్యాయనిర్ణేతగా ఉన్నారు. అనిరుధ్ సంగీతం కూర్చిన 'జవాన్' (2023) శీర్షికా గీతంలో ఆమె ర్యాప్ దేశమంతటా వినిపించింది. సినిమా పాటలో ఆమె పాత్ర చాలసార్లు ఒక మెరుపు వంటిది. మెరిసి పోవడానికి ఇచ్చిన పదహారు ఆవృతాలలో జతి విస్తరించడానికి చోటుండదు.

ఇక మాట సంగతి. ఆమెకు పేరు తెచ్చిన పాటలలో ప్రధాన భాష ఇంగ్లీషు, తరువాతిది హిందీ. తెలుగు మాట అక్కడ అతిథి. దీనిని వ్యక్తిగత లోపంగా ఎంచడం న్యాయం కాదు. ఏ భాషకు వేదిక, విపణి ఉన్నవో ఆ భాషలోనే పాట వెలువడుతుంది. కాని తెలుగు ర్యాప్‌కు ఒదగదన్న అభిప్రాయం ఒకటి ప్రచారంలో ఉన్నది. తెలుగు మాటలు అచ్చులతో ముగుస్తాయి కనుక తీయగా సాగుతాయే గాని దెబ్బ కొట్టవని దాని సారాంశం. ప్రాచ్య ఇటాలియన్ అని పాశ్చాత్యులు మెచ్చుకొన్న మెచ్చుకోలు మన భాషకు ఈ విధంగా కొంత చేటు చేసింది. నిజానికి తెలుగు ఛందస్సులో రగడ ఉన్నది. హయప్రచార రగడ మూడు మాత్రల గణాలతోను, మధురగతి నాలుగు మాత్రల గణాలతోను, వృషభగతి మూడు, నాలుగు మాత్రల జోడింపుతోను నడుస్తాయి. రెండేసి పాదాలకు అంత్యప్రాస నియమం. తకిట, తకధిమి, తకిటతకధిమి - గురువు నోటి జతులకు, కవి చేతి రగడలకు కొలబద్ద ఒక్కటే. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'లో మాత్రాఛందస్సులకు ఎంతటి ఉద్ధృతి చేకూరిందో తెలియనివారు లేరు. బుర్రకథకుని వచనం, ఒగ్గుకథకుని పరుగు సరేసరి. హైదరాబాదులో రోల్ రైడా, నోయల్ వంటివారు తెలుగులోనే ర్యాప్ చేసి శ్రోతలను సంపాదించుకొన్నారు. కనుక ఒదగనిది భాష కాదు. లయ విద్యగా అందినవారికి మాట అందలేదు. మాట ఉన్నవారిలో చాలమందికి ఆ లయ విద్యగా అందలేదు.

ఈ రెండవ వర్గాన్ని గుర్తించాలంటే తెలుగు ప్రవాసాన్ని కాలిఫోర్నియాకు పరిమితం చేయరాదు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్టణం బెంగాల్ నాగపూర్ రైల్వే నిర్మాణంతో పుట్టింది. ఆ రైలు మార్గం వెంట పనికై తరలివెళ్ళిన తెలుగు కార్మిక కుటుంబాలు శతాబ్దానికి పైగా అక్కడ నివసిస్తున్నవి. ఆ పట్టణపు పరిసరాలలో నేడు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఉన్నది. అదే మేదినీపూర్ సీమలో 1820లో జన్మించిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో బెంగాలీ బాలలకు 'వర్ణపరిచయ' వాచకం రచించినవారు; ఒక భాష పిల్లలకు అక్షరంగా అందడం ఎంత అవసరమో ఎరిగినవారు. అటువంటి పారిశ్రామిక వాడలో పనికి వెళ్ళే రైల్వే కుటుంబపు తెలుగు యువకునికి ఇంటిలో తెలుగు, బజారులో బెంగాలీ, తోటివారితో హిందీ, కాగితాల మీద ఇంగ్లీషు. హిప్‌హాప్ పుట్టిన వాడలలో వినవచ్చినది ఇటువంటి కలగలుపు మాటే. అతని తెలుగు తాతల నోటి నుండి నేరుగా వచ్చినది, అక్షరం తోడు లేకపోయినా బ్రతికినది. అతనికి నాట్యపాఠశాల లేదు, లాస్ ఏంజెలెస్ లేదు. క్లేర్‌మాంట్ బాలికకు దక్కిన లయశిక్షణ వెనుక చదువుకొన్న వలసదారుల ఆర్థిక స్థోమత ఉన్నదన్న సంగతి ఈ పోలికలో గాని స్పష్టపడదు. వారసత్వం అందరికీ సమానంగా పంచబడలేదు.

రాజకుమారి ఈ వెలితిని ఎరుగని కళాకారిణి కాదు. ఆమె 2020లో 'ఎన్.ఆర్.ఐ.' అనే పాట వెలువరించారు. అక్కడివారికి ఇక్కడి మనిషిగా, ఇక్కడివారికి అక్కడి మనిషిగా కనబడే స్థితి దానికి వస్తువు. తనపై వచ్చిన ఆక్షేపణలను దాచిపెట్టక పాటలోనే ఎదుర్కొన్నందున, కోపం లయకు పదును పెట్టినందున, 'సిటీ స్లమ్స్' కంటె ఇది నిజాయితీ గల రచన. స్వంత సంస్థ గాడ్‌మదర్ రికార్డ్స్ నెలకొల్పుకొని 2023లో పూర్తి నిడివి సంపుటి 'ది బ్రిడ్జ్' తెచ్చారు. అందులో స్వరం మృదువైంది, గానం పాలు పెరిగింది, జతి కొంత వెనక్కి తగ్గింది. 2025 నాటి 'కాశీ టు కైలాశ్' భక్తి వైపు మళ్ళింది. ఈ మలుపులో ఒక ప్రమాదం ఉన్నది. దేవతల పేర్లు, మంత్రాల ధ్వని విదేశీ శ్రోతకు భారతీయతను క్షణంలో స్ఫురింపజేస్తాయి. ఆ సులభమార్గం దొరికిన తరువాత నడలు మార్చి, తీర్మానం కట్టి, సమానికి చేర్చే శ్రమ అనవసరమనిపించవచ్చు.

ఆ శ్రమ ఇంకా మిగిలి ఉన్నదనడానికి 'ఆర్కేన్' యానిమేషన్ ధారావాహిక రెండవ భాగం కోసం 2024లో స్టెఫ్లాన్ డాన్, జరీనా డి మార్కోలతో కలిసి పాడిన 'రెనెగేడ్' గీతాన్ని చూపవచ్చు. ఆ ధారావాహిక పాటల సంపుటికి 2025లో అమెరికన్ మ్యూజిక్ అవార్డు లభించింది. మూడు ఖండాల మూలాలు గల ముగ్గురు స్త్రీలు ఒకే తాళం మీద వంతులవారీగా పలికే ఆ పాటలో రాజకుమారి వంతు వచ్చినప్పుడు, మాటలు పట్టుబడని తెలుగు శ్రోత కూడ ఆ నడకను ఇట్టే గుర్తుపట్టగలడు.