అర కిలో ధైర్యం

పోయిన దసరా సెలవుల్లో మా పిన్ని కూతురు టెక్సాస్ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, ఒక రివాల్వర్ కొనుక్కుందామనుకుంటున్నా. ఏది తీసుకోవాలో తేలడం లేదు. నాలుగు కాగితాలు పంపుతా, చదివి చెప్పు" అంది, చీర ఫొటో పంపి రంగు బావుందా అని అడిగినంత మామూలుగా. బ్యాంకు గేటు దగ్గరా, సినిమాల్లోనూ తప్ప నేను తుపాకీ చూసింది లేదు. "నాకేం తెలుసే?" అన్నాను. "కథల్లో ఎవరు ఏం దాచారో కనిపెట్టి డాక్టరేట్ తెచ్చుకున్నావుగా. ఇందులో ఏం దాచారో చెప్పు" అంది.

తనకి గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్ళయింది. పెట్రోలు బంకు పక్కన దుకాణంలో రాత్రి పదకొండు దాకా కౌంటర్లో కూర్చుంటుంది. షట్టర్ దించి కారు దాకా నడిచే ఆ యాభై అడుగులే తన భయం. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, చట్టం నిషేధించని వాళ్ళెవరైనా, ఇరవై ఒక్కేళ్ళు నిండితే, పర్మిట్ లేకుండానే చేతి తుపాకీ వెంట పెట్టుకోవచ్చు. అంటే తన ముందు మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఏది?

ఆ కాగితాలు చదివాను. దాచుకుని తిరగడానికి పనికొచ్చే చిన్న రివాల్వర్లో సాధారణంగా అయిదు తూటాలు. గొట్టం రెండంగుళాల లోపు. బట్టల్లో చిక్కుకోకుండా హామర్‌ని లోపలికి దాచేస్తారు. పిస్తోలులా పైభాగాన్ని వెనక్కి లాగి సిద్ధం చేసే పని లేదు, ట్రిగ్గర్ నొక్కితే చాలు. అయితే ఆ ట్రిగ్గర్‌ని నొక్కడానికి అయిదు కిలోల బలం కావాలి. ఉక్కుతో చేసింది అర కిలో దాటుతుంది. అల్యూమినియం మిశ్రమంతో చేసింది నాలుగు వందల గ్రాములకి అటూ ఇటూ. బరువు తగ్గేకొద్దీ మొయ్యడం తేలిక, పేల్చినప్పుడు చేతిని తన్నడం మాత్రం ఎక్కువ. రోజూ మొయ్యగలిగిన దానితో సాధన చెయ్యడం కష్టం, సాధనకి హాయిగా ఉండేదాన్ని రోజూ మొయ్యడం కష్టం. ఇందులో అబద్ధమేమీ లేదు. రాసినవాళ్ళు తమ పని తెలిసినవాళ్ళే.

నన్ను ఆపింది ఇంకొకటి. ఆ నాలుగు కాగితాల్లోనూ ఒకటే కథ ఉంది. చీకటి, కార్లు నిలిపే చోటు, ఒంటరి స్త్రీ, ముఖం తెలియని మగవాడు. ఆ స్త్రీకి ఇల్లు లేదు. ఇంట్లో మనుషులు లేరు. ఆమె ఎప్పుడూ బయటే ఉంటుంది, ప్రమాదం కూడా ఎప్పుడూ బయటినుంచే వస్తుంది.

ఈ కథకి వయసుంది. అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1902లో ఒక బుల్లి రివాల్వర్ తెచ్చింది. దాని పేరు లేడీస్మిత్. 1921లో తయారీ ఆపేసింది. అది వేశ్యల చేతుల్లోకి పోతోందని తెలిసి యజమాని మనసు విరిగి ఆపించాడని తుపాకుల లోకంలో ఇప్పటికీ కథ చెప్పుకుంటారు. జరిగినా జరక్కపోయినా, ఆ కథ బతికుండడమే నాకు ముఖ్యం. అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో బతికే స్త్రీ చేతికి రాగానే అది 'లేడీ' తుపాకీ కాకుండా పోయిందన్నమాట! 1989లో కంపెనీ అదే పేరుని మళ్ళీ బయటికి తీసింది. ఈసారి ఆ పేరు పెట్టినవాటిలో ఒకటి, 1950లో పోలీసు అధిపతుల సమావేశంలో చూపించి 'చీఫ్స్ స్పెషల్' అని పిలిచిన రివాల్వరే. పిడి మార్చారు, పేరు చెక్కారు. పోలీసు అధిపతిది కాస్తా పెద్దింటి స్త్రీది అయింది.

మనమేం తక్కువ తినలేదు. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత, 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం నుంచి స్త్రీల కోసమంటూ 'నిర్భీక్' వచ్చింది. టైటానియం మిశ్రమం, ఆరు తూటాలు, అయిదు వందల గ్రాములు, ధర 1,22,360 రూపాయలు. నగల పెట్టెలాంటి ముదురు ఎరుపు పెట్టెలో పెట్టి అమ్మారు. ఆ పెట్టె గురించి చదివినప్పుడు కడుపులో తిప్పినట్టయింది. చనిపోయిన అమ్మాయికి పత్రికలు పెట్టిన పేరుకి సమానార్థకం వెతికి తుపాకీకి తగిలించారు. ఆమె తండ్రి విమానాశ్రయంలో సామాన్లు మోసే కార్మికుడు. కూతురి చదువుకోసం పొలం అమ్ముకున్నాడు. ఆ ఇంటికి ఈ పెట్టె వెళ్ళగలదా? డబ్బు ఉన్నా లైసెన్సు కావాలి. 1959 ఆయుధాల చట్టం కింద పోలీసుల విచారణ, అధికారి సంతకం. మన పల్లెల్లో లైసెన్సు తుపాకీ ఏ కులం వాళ్ళ గోడకి వేలాడిందో, దాన్ని చూసి ఎవరు తల దించుకుని నడిచారో మనకి తెలియనిది కాదు.

ఇంకోటి. అత్యాచారం కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు ఏటా చెబుతున్నాయి. మామయ్య మీదికి, ట్యూషన్ మాస్టారి మీదికి, భర్త మీదికి గురిపెట్టమని ఏ ప్రకటనా చెప్పదు. అపరిచితుడే ఆ కథకి ప్రాణం.

అయితే స్త్రీ చేతిలో ఆయుధం అనగానే నేను ముఖం తిప్పుకోలేను. నాకు చదువు చెప్పిన పుస్తకాల్లో ఒకటి స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ నోటితో చెప్పిన మాటలవి. వాళ్ళు తుపాకీ పట్టింది ఊరికోసం, దళంలో. అది ఎవరి సొంత ఆస్తీ కాదు. పోరాటం ఆగాక వాళ్ళని ఇళ్ళకి, వంటింటికి వెళ్ళిపొమ్మన్నారు. తుపాకీ ఇచ్చిన సమానత్వం తుపాకీతోపాటే వెనక్కి పోయింది. తలకి వెల కట్టించుకున్న మల్లు స్వరాజ్యం కూడా 2019లో వచ్చిన తన ఆత్మకథకి 'నా మాటే తుపాకీ తూటా' అని పేరు పెట్టుకుంది. చివరిదాకా తన దగ్గర మిగిలిన ఆయుధం ఏదో ఆమెకి తెలుసు.

ఇవన్నీ మా చెల్లికి చెబితే ఏం లాభం? రాత్రి పదకొండింటికి ఆ యాభై అడుగులు నడవాల్సింది తను. "భయపడకు" అనడం సలహా కాదు. అందుకని మళ్ళీ ఫోన్ చేసి, ఆ కాగితాల్లో లేని ప్రశ్న అడిగాను.

"డ్యూటీ అయ్యాక అది ఎక్కడ ఉంటుంది?"

"పర్సులో."

2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలో ఒక దుకాణంలో రెండేళ్ళ పిల్లాడు తల్లి పర్సులోంచి పిస్తోలు తీసి, అది పేలి ఆ తల్లి చనిపోయిన సంగతి చెప్పాను. ఆయుధం పెట్టుకోవడానికని ప్రత్యేకంగా కుట్టిన ఆ పర్సు భర్త ఇచ్చిన పండగ కానుక. చెల్లికి మూడేళ్ళ కూతురుంది.

"అయితే ఇంట్లో బీరువాలో పెడతా" అంది.

"తాళం?"

కాసేపు మాట్లాడలేదు. "ఆయన దగ్గరే ఉంటుంది" అంది.

ఆ 'ఆయన' కోపంలో తన ఫోన్ గోడకేసి కొట్టిన సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని తనకీ తెలుసు. ఇద్దరం ఇన్నేళ్ళూ ఆ మాట ఎత్తలేదు. హింసించే భర్తకి తుపాకీ అందుబాటులో ఉంటే భార్య హత్య అయ్యే ప్రమాదం అయిదు రెట్లు పెరుగుతుందని 2003లో అమెరికాలో పదకొండు నగరాల్లో చేసిన పరిశోధన చెప్పింది. కాలిఫోర్నియాలో చేతి తుపాకీ ఉన్న స్త్రీలు తుపాకీతో ఆత్మహత్య చేసుకోవడం, లేనివాళ్ళకంటే ముప్ఫై అయిదు రెట్లు ఎక్కువని 2020 అధ్యయనం తేల్చింది. చదివి వినిపించాను. నా గొంతు నాకే పాఠం చెబుతున్నట్టు వినిపించి సిగ్గేసింది.

"అక్కా, బయటివాడి గురించే అడిగాను కదా నిన్ను" అంది మెల్లగా.

"అవును. కాగితాల్లో దాచింది ఏమిటో చెప్పమన్నావు కదా" అన్నాను.

తను ఇంకా రివాల్వర్ కొనలేదు. రేపు కొనదని నేను చెప్పలేను. షట్టర్ దించేవేళకి రెండో మనిషి ఉండాలని యజమానిని అడిగి ఒప్పించింది. తన పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, పాప పుట్టిన సర్టిఫికెట్ ఒక కవర్లో పెట్టి స్నేహితురాలి ఇంట్లో ఉంచింది. ఆ కవరు బరువెంతో నేను అడగలేదు. ఆ కవరు ఎక్కడుందో మాత్రం ఆయనకి తెలియదు.