సార్త్ర్ చెప్పిన ‘నీ ఇష్టం’

అస్తిత్వవాదం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఒంటరి గది, సిగరెట్ పొగ, ఎవరితోనూ పొసగని కుర్రాడు. పైగా తెలుగులో ఇంకో తికమక ఉంది. ‘అస్తిత్వ ఉద్యమాలు’ అంటే మనకి కులం, ప్రాంతం, జెండర్. అదే మాటని సార్త్ర్‌కి తగిలిస్తే ఆయన చెప్పింది దాదాపు తలకిందులౌతుంది. మనిషికి ముందే రాసిపెట్టిన గుర్తింపంటూ ఏదీ లేదు, చేసే పనులతోనే తయారవుతాడు అన్నది ఆయన మాట.

దీనికోసం ‘బీయింగ్ అండ్ నథింగ్‌నెస్’తో కుస్తీ పట్టక్కర్లేదు. 1945 అక్టోబర్ 29న పారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసం మరుసటి ఏడాది చిన్న పుస్తకంగా వచ్చింది. ఇంగ్లీషులో ‘ఎగ్జిస్టెన్షియలిజం ఈజ్ ఎ హ్యూమనిజం’ పేరుతో దొరుకుతుంది. ఒక్క పూటలో అయిపోతుంది. అందులో నేను మళ్లీ మళ్లీ చదివేది ఒక స్టూడెంట్ కథ.

యుద్ధకాలం. అన్న 1940లో జర్మన్ల దాడిలో చనిపోయాడు. తండ్రి శత్రువుల వైపు మొగ్గుతున్నాడు, తల్లితో గొడవలు. ఆవిడకి మిగిలిన ఊరట ఈ చిన్నకొడుకే. ఇతను ఇంగ్లండ్ వెళ్లి ఫ్రీ ఫ్రెంచ్ సేనల్లో చేరాలా, తల్లి దగ్గర ఉండిపోవాలా? వెళ్లినా దారిలో స్పెయిన్‌లో ఏ క్యాంపులోనో ఇరుక్కుపోవచ్చు, ఏదో ఆఫీసులో ఫారాలు నింపుతూ కూర్చోవచ్చు. ఉంటే ఫలితం కళ్లముందే కనిపిస్తుంది, కానీ ఒక్క మనిషికే.

సార్త్ర్ ఒక్కో ఆసరానీ లాగేస్తాడు. పొరుగువాణ్ని ప్రేమించమంది క్రైస్తవం. ఆ పొరుగువాడు ఎవరు, అమ్మా, తోటి సైనికుడా? మనిషిని సాధనంగా వాడుకోవద్దన్నాడు కాంట్. ఎటు వెళ్లినా ఎవరో ఒకరు సాధనం అవుతారు. పోనీ మనసు మాట విందామా? ఇక్కడే గట్టి దెబ్బ కొడతాడు. అమ్మ మీద ప్రేమ ఎంతుందో లాగ్ ఫైల్ తెరిచినట్టు లోపల చూసుకోలేం. ఉండిపోయాకే, ఉండిపోయేంత ప్రేమ ఉందని తెలుస్తుంది. అంతకుముందు ఆ మాట అనడానికి ఆధారమే లేదు. సలహా అడగడం కూడా ఎంపికే. జర్మన్లకి సహకరించే ప్రీస్ట్ దగ్గరికి వెళ్తావా, ఎదిరించే ప్రీస్ట్ దగ్గరికా అన్నది తేల్చుకున్నప్పుడే, ఏ జవాబు వినాలనుకుంటున్నావో సగం తేలిపోతుంది. చివరికి సార్త్ర్ ఇచ్చిన జవాబు మన ఇంటి భాషలో రెండు ముక్కలు: నీ ఇష్టం.

మా టీమ్‌లో ఈ ఉపన్యాసం పేరు వినని వాళ్లు కూడా ఇదే కథలో ఉన్నారు. నేనూ ఉన్నాను. అమ్మ ఒంగోల్లో ఒక్కతే ఉంటుంది, నా ముందు డాలస్ ప్రాజెక్ట్ ఉంది. నేను వెళ్లేది ఫాసిజం మీద పోరాటానికి కాదు, ఫ్లాట్ లోన్ తీర్చడానికి. కాబట్టి పోలిక ఎక్కువ సాగదీయను. ప్రేమ గురించి ఆయన అన్నది మాత్రం నాకూ వర్తిస్తుంది.

అమ్మని అడిగితే, “నీ ఇష్టం నాన్నా” అంది. మన ఇళ్లలో ఆ మాట అలక కావచ్చు, ‘వద్దు’ కావచ్చు, నిజంగానే ‘నీ ఇష్టం’ కావచ్చు. ఏదో పోల్చుకోవాలంటే గొంతు వినాలి. అది విన్నాకే సార్త్ర్ కథలో ఒక ఖాళీ కనబడింది. ఆ తల్లిని ఎవరూ అడగలేదు! ఆవిడ తక్కెడలో ఒక వైపు బరువుగా మాత్రమే ఉంది. పెద్దకొడుకుని పోగొట్టుకున్న మనిషి, ఆవిడకీ కోపం ఉండొచ్చు. “వెళ్లిరా” అనేదేమో. అదే ఉపన్యాసంలో కాస్త ముందుకెళ్లాక, ఇతరుల స్వేచ్ఛని కోరకుండా నా స్వేచ్ఛని కోరలేనని సార్త్రే అంటాడు. ఆ మాటని ఆ ఇంటిదాకా తీసుకెళ్లడు. 1947లో సిమోన్ ద బోవా ‘ది ఎథిక్స్ ఆఫ్ ఆంబిగ్యుటీ’లో ఈ ముడి దగ్గర ఇంకా ఓపిగ్గా ఆగుతుంది, నాకు ఆ పుస్తకమే ఎక్కువ నచ్చింది.

అడిగితే కొడుకు బాధ్యత తగ్గేదా? తగ్గదు. ఆవిడ జవాబుని ఎలా అర్థం చేసుకోవాలన్నదీ మళ్లీ అతని మీదే పడేది. కానీ ఆ గదిలో ఎంచుకోగల మనుషులు ఇద్దరని తెలిసేది.

ఈ ఉపన్యాసం ఇచ్చిన మరుసటి ఏడాది సార్త్ర్, రెండో భర్త కూడా పోయి ఒంటరైన తన తల్లితో కలిసి ఉండటానికి బొనపార్త్ వీధిలోని ఫ్లాట్‌కి మారాడు. 1962 దాకా అక్కడే ఉన్నాడు. ఆ స్టూడెంట్ చివరికి ఏం చేశాడో మాత్రం ఉపన్యాసంలో ఉండదు.