‘రెడ్ స్పెషల్’ గిటారు – ఒక విమర్శ

వీణ తీగను మీటినపుడు తీగ తానుగా గాలికి అందించు ధ్వని చాల స్వల్పము. తీగ కంపనము గుర్రము మీదుగా కుండ పలకకు చేరును. వెడల్పైన ఆ పలక గాలిని కదల్చును. కనుకనే వీణకు పనసచెక్క ఎంపిక అంత ముఖ్యము. ఎలక్ట్రిక్ గిటారు సంగతి వేరు. అందులో ఉక్కుతీగల క్రింద అయస్కాంతము, దానిచుట్టు సన్నని రాగి తీగచుట్ట ఉండును. తీగ కదలినపుడు చుట్టను దాటు అయస్కాంత బలరేఖల సంఖ్య మారి, 1831లో ఫారడే కనుగొనిన ప్రేరణ సూత్రము ననుసరించి చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుట్టును. వర్ధకము దానిని పెంచగా లౌడ్‌స్పీకరు మ్రోగును. అట్లయిన ఇందులో చేతిపనివాని ప్రజ్ఞకు తావెక్కడ? ఈ ప్రశ్నను పరిశీలించుటకు ‘రెడ్ స్పెషల్’ కంటె మంచి ఉదాహరణము నాకు కనబడలేదు.

1963లో లండను పడమటి శివారు ఫెల్తాములో బ్రయన్ మే అను పదునారేండ్ల విద్యార్థి, ఇంజనీరైన తన తండ్రి హెరాల్డుతో కలిసి దీనిని ఇంటిలోనే చేయ నారంభించెను. దుకాణములోని మంచి గిటారు కొను స్తోమత వారికి లేదు. పని ముగియుటకు సుమారు రెండేండ్లు పట్టినది. దండికి పాత పొయ్యిగూటి పైనుండు మహాగని బల్లను వాడిరి. పురుగు తొలిచిన రంధ్రములను అగ్గిపుల్లలతో పూడ్చిరి. ఒడలిలో పాత బల్ల తాలూకు ఓకు చెక్క ఉన్నది. మెట్ల గురుతులు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప బొత్తాములు. ఆ కుర్రవాడే తరువాత ‘క్వీన్’ బృందములో పేరుమోసిన వాద్యకారుడై, 2007లో ఇంపీరియల్ కాలేజీ నుండి ఖగోళ భౌతికశాస్త్రములో డాక్టరేటు పొందెను.

ఈ గిటారును గురించి వ్రాయువారు పెక్కురు పొయ్యిగూటి కథ దగ్గరనే ఆగిపోవుదురు. కథ రమ్యమైనదే. నన్ను ఆకర్షించినది మాత్రము ఇందులోని కత్తి అంచు.

గిటారు గుర్రము వద్ద ఒక మీట కలదు. దానిని నొక్కగా తీగలన్నియు ఒక్కసారిగా సడలి స్వరము దిగును. విడువగా మరల యథాస్థానమునకు రావలెను. ఆనాటి గిటార్లు అనేకము ఇక్కడనే తప్పెడివి. గుర్రము మీద, తలవైపు గాడిలో ఘర్షణ వలన తీగ చిక్కుకొని శ్రుతి చెడును. తండ్రీకొడుకులు తీగలు కట్టిన పలకను గట్టి ఉక్కుతో చేసిన కత్తి అంచుపై నిలిపిరి. మన ప్రయోగశాలలోని రసాయన తక్కెడ దండము నిలుచునది ఇట్టి అంచు మీదనే కదా! తీగల బిగువుకు ఎదురుగా పాత మోటారుసైకిలు ఇంజను కవాటపు స్ప్రింగులు రెండు అమర్చిరి. గుర్రముపై ప్రతి తీగకు ఒక చిన్న దొర్లుడు చక్రము. తలవైపు తీగ ఆనుకొనుటకు ఒక సున్న మెట్టు. అక్కడినుండి తీగ ప్రక్కకు వంగక బిరడావరకు తిన్నగా పోవును. ఘర్షణ పుట్టు తావులను ఒక్కొక్కటిగా వెదకి సరిచేసిన ఈ పద్ధతి ఏ పాఠ్యపుస్తకములోనైన చేర్చదగినది.

చుట్టలను కూడ వారు మొదట స్వయముగానే చేసిరి. తీగను ప్రక్కకు లాగినపుడు వాటినుండి వికారధ్వని వచ్చుటచే తీసివేసి, బర్న్స్ కంపెనీ చుట్టలు మూడు కొని, ఈలవేయకుండ వానిలో అరాల్డైటు పోసిరి. చేతిపని అభిమానము అడ్డురాకుండుట నాకు నచ్చినది.

ఈ మూడు చుట్టలను శ్రేణిలో కలిపిరి. ప్రతి చుట్టకు రెండు స్విచ్చులు: ఒకటి దానిని కలుపుటకు, రెండవది విద్యుత్తు దిశను తిరుగవేయుటకు. ఆరు స్విచ్చులకు 64 అమరికలు. అందుచే 64 ధ్వనులు కలవని మురియరాదు! తరంగము పూర్తిగా తలక్రిందులైనను చెవికి భేదము తెలియదు. ఒక్కొక్క చుట్టతో 3, రెండేసి చుట్టలతో 6, మూడింటితో 4, వెరసి 13. విద్యార్థులు కాగితముపై సరిచూచుకొనవచ్చును. రెండు చుట్టలు ఎదురు దిశలలో ఉన్నపుడు మూలస్వరము చాలవరకు రద్దయి, అతిస్వరములు మిగిలి, ధ్వని ముక్కుతో పలికినట్లుండును. ఒకే దిశలో నున్నపుడు మూలస్వరము బలపడును. ఇంత మార్పు స్విచ్చు జరిపిన క్షణములోనే వచ్చును, చెక్క అదే.

చెక్కకు పాత్రయే లేదని నేననను. ఒడలిని లోపల కొంత బోలుగా నుంచిరి. వర్ధకము పెద్దగా మ్రోగునపుడు ఆ ధ్వని ఒడలిని కదల్చును, ఒడలు తీగను కదల్చును. అందుచే స్వరము ఆగక సాగును. మే కోరినది ఇదే. ఒడలు ఇక్కడ చెవివలె పనిచేయుచున్నది. కాని పాత మహాగని వలననే ఇంత మాధుర్యము వచ్చినదను ప్రశంసను మాత్రము ఒప్పుకొనజాలను. తక్కినవన్నియు మార్పక చెక్క నొక్కదానినే మార్చి పోల్చినగాని అది తేలదు.

దోషములును కలవు. ఒకే తీరున నున్న ఆరు జారుడు స్విచ్చులను కచేరీ నడుమ తడుముకొనుట కష్టము. దండి చాల లావు. మే చేతికి అలవాటైనది ఇతరులకు భారమగును. తీగ పొడవు 24 అంగుళములే. పేరున్న ఫెండరు గిటార్లలో అది 25.5. బిగువు పొడవు వర్గముతో మారును గనుక, అదే తీగకు అదే స్వరములో ఇక్కడ బిగువు సుమారు 11 శాతము తక్కువ; వ్రేలితో లాగుట సులభము. ఇంతవరకు మేలే. కాని ఆ పొడవులోనే 24 మెట్లు పెట్టిరి. చివరి మెట్టువద్ద మ్రోగు తీగ 6 అంగుళములే. చివరి రెండు మెట్ల నడుమ చోటు 9 మిల్లీమీటర్లు. పెద్దవాని వ్రేలు అంతకంటె వెడల్పు.