రాజీ మాటల్లో లేని ఆడవాళ్లు

"వాళ్లూ వాళ్లూ రాజీ అయినారంట. మనల్ని ఎవురడిగినారు?"

కోయిలకుంట్ల పక్కన మా ఊళ్లో రెండు పార్టీలు కలిసిపోయాయని తెలిసిన రోజు మా జేజి అన్న మాట ఇది. అప్పటికి ఆమె తన చెల్లెలి ఇంటి గడప తొక్కి తొమ్మిదేళ్లయింది. చెల్లెల్ని ఇచ్చింది అదే ఊళ్లో అవతలి పార్టీ ఇంటికి. ఆ తొమ్మిదేళ్లూ గాజులమ్మే ఆమె ద్వారా అక్కాచెల్లెళ్లు కబుర్లు పంపుకున్నారు. "ఈ పొద్దు మీ వాణ్ణి ఆ దారిన పంపొద్దు" అన్న కబురు కూడా వాటిలో ఉండేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సాహిత్య పరిశోధన చేస్తూ ఫ్యాక్షన్ కథలూ నవలలూ చదివిన రోజుల్లో ఆ గాజులామె కోసం వెతికాను. నేను చదివినంతలో ఆమె కనిపించలేదు.

ఎందుకు కనిపించలేదు? మన సాహిత్య సంప్రదాయం యుద్ధం చుట్టూ స్త్రీకి కొన్ని చోట్లు ముందే కేటాయించి పెట్టింది. యుద్ధానికి ముందు ఆమె వీరుణ్ణి సాగనంపాలి. పల్నాటి కథలో మాంచాల చేసింది అదే. వెనుదిరిగి వస్తే అవమానించాలి. పుల్లరి కోసం జరిగిన పోరు నుంచి తిరిగొచ్చిన ఖడ్గతిక్కనకు భార్య చానమ్మ స్నానాల చోట పసుపుముద్ద పెట్టిందనీ, తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసిందనీ చెప్పుకుంటాం. ఆ కథను పౌరుషానికి పాఠంగా పిల్లలకూ చెప్తాం. యుద్ధం ముగిశాక స్త్రీకి గొంతు దొరుకుతుంది, స్త్రీపర్వంలో గాంధారికి దొరికినట్టు. కానీ అప్పటికి ఆపడానికేమీ మిగలదు. రాజకీయం నడిపిన నాగమ్మకేమో యుద్ధానికి కారణమన్న నింద మిగిలింది. సాగనంపడానికీ, ఏడవడానికీ, నింద మోయడానికీ స్త్రీ కావాలి. సంధి షరతులు మాట్లాడే చోట మాత్రం ఆమెకు మాటలు రాయలేదు.

ఫ్యాక్షన్ సినిమా ఈ పాత చోట్లనే వాడుకుంది. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001) వంటి సినిమాల్లో స్త్రీల కన్నీరు నాయకుడి కత్తికి సమర్థన. 2018లో వచ్చిన 'అరవింద సమేత వీర రాఘవ' కొంత భిన్నమైనదని ఒప్పుకోవాలి. అందులో అరవింద మాటలు నాయకుణ్ణి ఆలోచింపజేస్తాయి. చివర ప్రతినాయకుడి భార్యను ఎన్నికల్లో నిలబెడతారు. అయితే ఆ నిర్ణయం ఎవరిది? శత్రువును చంపి వచ్చిన నాయకుడు శాంతిని ఆమె చేతికిస్తాడు. రెండు ఊళ్ల ఆడవాళ్లు కూర్చుని, మాకేం కావాలో మేం చెప్తామని మాట్లాడుకోవడం ఆ కథకు అవసరం కాలేదు. ఇక్కడ కూడా శాంతి మగవాడు ఇచ్చే పసుపుకుంకుమే.

సీమ కక్షలు జాతుల మధ్య పోరు కావు. ఊరి మీద పెత్తనం, కాంట్రాక్టులు, ఎన్నికలు వాటిని నడిపాయి. అయినా చర్చల్లో స్త్రీల చోటు గురించి ఆలోచించాలంటే, జాతుల పోరు మధ్య స్త్రీలు సంఘాలుగా నిలిచిన ఈశాన్యం వైపు చూడాలి. 1984లో ఏర్పడిన నాగా మదర్స్ అసోసియేషన్ 1994లో 'ఇక రక్తం చిందించవద్దు' అంటూ ఉద్యమించింది. సాయుధ వర్గాల దగ్గరికి తల్లులుగా వెళ్లి మాట్లాడింది. తల్లులుగా వారిని అందరూ గౌరవించారు. కానీ పట్టణ పాలక సంస్థల్లో 33 శాతం సీట్లు అడిగితే 2017లో నాగాలాండ్ భగ్గుమంది, ఎన్నికలు ఆగిపోయాయి. ఆ సీట్లతో ఎన్నికలు జరిగింది 2024లో. తల్లికి దండం పెట్టిన చేతులే పౌరురాలికి కుర్చీ వేయడానికి అన్నేళ్లు తీసుకున్నాయి.

మణిపూర్ మరో కష్టమైన పాఠం చెప్తుంది. తంగ్జం మనోరమ హత్యకు నిరసనగా 2004 జులై 15న ఇంఫాల్‌లోని కాంగ్లా కోట ముందు 12 మంది స్త్రీలు వివస్త్రలై నిలబడ్డారు. దివిటీలు పట్టి ఊళ్లకు కాపలా కాసిన మెయిరా పైబీల ధైర్యానికి దేశమంతా తలవంచింది. 2023 మేలో మెయితీ, కుకీల మధ్య హింస మొదలయ్యాక ఆ దివిటీల వెలుగు రెండు వైపులా పడలేదు. ఆ జూన్‌లో ఇథం గ్రామంలో స్త్రీలు ముందుండి చుట్టుముట్టడంతో పట్టుబడ్డ 12 మంది సాయుధులను వదిలేశామని సైన్యం ప్రకటించింది. 'మా బిడ్డలు' అన్న మాటలో అవతలి బిడ్డలు లేరు. స్త్రీ సహజంగానే శాంతమూర్తి అనే నమ్మకాన్ని స్త్రీవాదులమైన మనం కూడా వదులుకోవాలి. తల్లితనం శాంతికి ఒక దారి తెరవగలదు, కానీ అది తన కులం, తన తెగ గుమ్మం దగ్గరే ఆగిపోనూవచ్చు.

ఈ ప్రశ్న పట్టుకుని మళ్లీ మా జేజి దగ్గరికి వస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఆ తొమ్మిదేళ్లలోనే మా చేన్లో జీతముండే మనిషి బాంబుదాడిలో చనిపోయాడు. జేజి కబుర్లు చెల్లెలి కొడుకుని కాపాడాయి. ఆ జీతగాడి భార్యకు ఏ కబురూ అందలేదు. కక్షల్లో ఎక్కువగా పోయేది పార్టీని నమ్ముకున్న పేదల ప్రాణాలేనని తెలిసి కూడా, "మనల్ని ఎవురడిగినారు" అన్నప్పుడు ఆ 'మనం'లో ఆమెను మా జేజి కలుపుకోలేదు. నేనూ చాలా ఏళ్లు కలుపుకోలేదు. జేజి మాటను ధిక్కారంగా మాత్రమే విని మురిసిపోయాను.

కాబట్టి సీమ కథలో గాజులామెకు చోటు కావాలని అడగడంతో నా పని అయిపోదు. ఆమె ఏ ఇళ్ల మధ్య తిరిగింది, ఏ గుడిసెల వైపు వెళ్లలేదు అని కూడా అడగాలి. ఆ జీతగాడి భార్య రాజీ షరతులు చెప్పి ఉంటే అవి ఏమై ఉండేవి? కూలి బాకీలా, పిల్లల చదువా, కోర్టులో నిజం చెప్పే సాక్షులా? ఆమె వైపు నుంచి రాసిన కథ కోసం ఎదురుచూస్తున్నాను. అది వచ్చేవరకూ రాజీ గురించి మనం రాసింది సగమే.