రాత్రి లేచేదెవరు?

మా అత్తగారికి ఏడుపు సినిమాలంటే మహా ఇష్టం. ఎనభై రెండేళ్ళొచ్చాయి, రెండు కళ్ళకూ ఆపరేషన్లయ్యాయి, అయినా కొంగు తడవందే ఆవిడకు సినిమా చూసినట్టుండదు. మొన్నొక ఆదివారం భోజనాలయ్యాక మా ఇంట్లో 'బడిపంతులు' పెట్టుకున్నాం. 1972లో వచ్చిన సినిమా. ఎన్టీ రామారావు, అంజలీదేవి. ఎదురింటావిడా, పై వాటా పిన్నిగారూ, అత్తగారూ, నేనూ కూర్చున్నాం. నెల లెక్క తీసుకుందామని వచ్చిన పాల పెద్దమ్మ కూడా గుమ్మం పక్కన గోడకానుకుని చూస్తూ ఉండిపోయింది.

ముసలి దంపతులను విడదీసి తల్లిని ఒక కొడుకూ, తండ్రిని ఇంకో కొడుకూ తీసుకుపోయే దగ్గర అందరం ఏడ్చాం. చెప్పొద్దూ, నేనూ ఏడ్చాను. సినిమా అయిపోయాక ముక్కు తుడుచుకుంటూ కాఫీలు కలపడానికి లేచానో లేదో, పాల పెద్దమ్మ అంది:

"ఏడ్సుడు సరే గానీ బిడ్డా, గా ముసలామె కాలు జారి పడితే రాత్రి లేసేదెవ్వరు? గది సూపియ్యలే గదా!"

ఈ పేజీలో పుస్తకాల గురించీ, సినిమాల గురించీ ఏదో ఒకటి రాస్తూ వస్తున్నదాన్ని నేను. ఇన్నేళ్ళలో నాకు తట్టని విమర్శ ఆవిడ ఒక్క వాక్యంలో చేసి, పాల డబ్బులు కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

మేముండేది దూలపల్లిలో. మేడ్చల్ రోడ్డు వదిలి లోపలికి తిరగాలి. ఫారెస్ట్ అకాడమీ, అటవీ జీవవైవిధ్య సంస్థ ఇక్కడే ఉన్నాయి. ఆ చెట్ల చలవ వల్ల గాలికి లోటు లేదు. లోటల్లా వయసులో ఉన్న మనుషులకే. సాయంత్రం మా గేటు దగ్గర బెంచీల మీద కూర్చున్నవాళ్ళ వయసులన్నీ కూడితే వెయ్యి దాటుతుంది. పిల్లలు బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. పాల పెద్దమ్మ మాత్రం అసలు సిసలు దూలపల్లి మనిషి. పొలం అమ్మి, ఆ డబ్బు ముగ్గురు కొడుకులకూ పంచింది. ఇప్పుడు నెలకొకరింట్లో వంతు తింటోంది. ముప్పై ఒకటో తారీఖు ఎవరి వంతులోకి వస్తుందని కొడుకులు ఒకసారి గొడవ కూడా పడ్డారట. ఆవిడకు 'బడిపంతులు' కథ కొత్తేం కాదు. అందుకే మనకు కనబడనిది ఆవిడకు కనబడింది.

నిదానంగా ఆలోచిస్తే, ఆ సినిమా బలం ఆ విడదీయడంలోనే ఉంది. 1958లో కన్నడంలో 'స్కూల్ మాస్టర్'గా వచ్చిన కథే ఇది. అన్ని భాషలవాళ్ళనూ ఏడిపించే సత్తా ఉంది. కానీ చివరికి ఆ పంతులుగారిని గట్టెక్కించేదెవరు? ఆయన పాత శిష్యుడు. బాగానే ఉంది. మరి శిష్యులు లేనివాళ్ళ మాటేమిటి? మిల్లు గుమాస్తాకూ, వంటమనిషికీ, జన్మంతా వంటింట్లో గడిపిన మనబోటి వాళ్ళకూ శిష్యులెక్కణ్ణుంచి వస్తారు చెప్పండి?

ఇదే కథను హాలీవుడ్‌లో 1937లోనే తీశారు. 'మేక్ వే ఫర్ టుమారో' అని దాని పేరు. దర్శకుడు లియో మెకారీ. అక్కడా ఇల్లు పోతుంది, ముసలివాళ్ళిద్దర్నీ చెరో బిడ్డా తీసుకుపోతారు. అయితే అందులో ఏ శిష్యుడూ రాడు. రైల్వే స్టేషన్లో ఆయన రైలెక్కుతాడు, ఆవిడ ప్లాట్‌ఫారం మీద నిలబడుతుంది. అంతే, సినిమా అయిపోయింది. చూసినవాళ్ళ గుండెలో రాయి పడేసి పంపిస్తుంది. మన సినిమా ఆ రాయి తీసేసి, చేతిలో లడ్డూ పెట్టి పంపిస్తుంది. లడ్డూ తిని ఇంటికొచ్చాక, రేపటి సంగతి మనమెందుకు ఆలోచిస్తాం?

2017లో వచ్చిన 'శతమానం భవతి' అందరం సంక్రాంతికి వెళ్ళి చూసొచ్చాం. పిల్లలు ఊరికి రావడం లేదని తండ్రి ఒక ఎత్తు వేస్తాడు, తల్లికి విడాకులిస్తున్నానని వాళ్ళకు కబురు పెడతాడు. పిల్లలు పరుగెత్తుకొస్తారు. ప్రకాష్‌రాజ్, జయసుధ ఇద్దరూ ముచ్చటగా చేశారు. కానీ ఆ సినిమా ప్రకారం ముసలితనం అంటే పండక్కి పిల్లలు రాకపోవడం. కనుమ నాడు అందరూ కార్లెక్కాక, మర్నాడు బీపీ మాత్రలు అయిపోతే తెచ్చేదెవరు? ఆసుపత్రిలో ఫారం మీద సంతకం పెట్టేదెవరు? కథ మూడు రోజుల పండుగ, ముసలితనం మూడొందల అరవై రెండు రోజుల పని!

ఇక 'మిథునం'. ఈ పేరెత్తగానే మీలో చాలామందికి నోరూరుతుంది, నాకు తెలుసు. శ్రీరమణగారు రాసిన ఆ కథను బాపుగారు ముచ్చటపడి తన చేతిరాతతో మొత్తం రాసిపెట్టుకున్నారు. 2000లో మలయాళంలో ఎం.టి. వాసుదేవన్ నాయర్ సినిమాగా తీశారు. 2012లో తనికెళ్ళ భరణి మనకు తీసిపెట్టారు. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి ఇద్దరే పాత్రధారులు. పెరడు, పాదులు, పచ్చళ్ళు, అలకలు. పిల్లలు దూరంగా ఉన్నా ఒకరికొకరు చాలనుకునే అప్పదాసు, బుచ్చిలక్ష్మి.

అందరం ఆ తిండి గురించి మాట్లాడుకుంటాం గానీ, అసలు కథ చివర్లో ఉంది. అప్పదాసు పోతాడు. బుచ్చిలక్ష్మి ఏమంటుందో గుర్తుందా? ఆయనే ముందు వెళ్ళాలని తను కోరుకుందట. తను ముందు పోతే ఆ మనిషిని చూసుకునే దిక్కెవరని.

పసుపుకుంకుమలతో పోవాలని మన అమ్మలూ, అమ్మమ్మలూ మొక్కని దేవుడు లేడు. ఈ బుచ్చిలక్ష్మి దాన్ని తిరగేసింది. ఎందుకూ? మొగుడికి రాత్రి దాహమేస్తే నీళ్ళిచ్చేదెవరన్న లెక్క ఆవిడ వేసుకుంది గనక. మన కథల్లో ముసలితనం గురించి ముందుగా ఆలోచించిన మనిషి ఈవిడే అని నాకనిపిస్తుంది. ప్రేమ అంటే కన్నీళ్ళు కావు, ముందుచూపు అని చూపించింది. అందుకే అది గొప్ప కథ.

అయితే నా పేచీ కూడా అక్కడే. ఆయన సంగతి ఆవిడ చూసింది. మరి ఆవిడ సంగతో? ఆ మర్నాడు బుచ్చిలక్ష్మి ఎక్కడుంది? ఆ పెద్ద పెరట్లో ఒక్కతే ఉందా? కొడుకు తీసుకెళ్ళాడా? మోకాళ్ళు పట్టేస్తే రాత్రి ఎవరు లేచారు? కథ అక్కడితో తలుపేసుకుంది. కథకు అది అందమే, కాదనను. కానీ మన ఇళ్ళల్లో కథ ఆ తలుపు దగ్గరే మొదలవుతోంది.

మా ఇంట్లో అలాగే మొదలైంది. మామగారు పోయాక అత్తగారు మా దగ్గరికి వచ్చేశారు. కిందటి వానాకాలం ఒక రాత్రి రెండింటికి స్నానాలగదిలో జారిపడ్డారు. అదృష్టం, ఎముక విరగలేదు. లేపబోయి నేనూ పక్కనే కూలబడ్డాను. నాకు అరవై ఒకటి, నా మోకాళ్ళు నా మాటే వినవు. మావారికి అరవై ఆరు, గుండెలో స్టెంటు. ఒక ముసలావిడను లేపడానికి మేమిద్దరు ముసలివాళ్ళం చాలక, గేటు దగ్గర వాచ్‌మన్ కుర్రాడు రావలసి వచ్చింది. ఆ కుర్రాడి ముందు చీర సరిచేసుకోలేక అత్తగారు కళ్ళు మూసుకున్నారు చూడండి, అదీ నేను ఏ సినిమాలోనూ చూడని దృశ్యం.

కోడలంటే మన సినిమాల్లో రెండే రకాలు. ఒకర్తె రాక్షసి, ఇంకొకర్తె దేవత. నడుం నొప్పి ఉన్న కోడలిని ఎవరైనా చూశారా? జపాన్‌లో ఓజు 1953లో తీసిన 'టోక్యో స్టోరీ'లో, కన్నబిడ్డలకు తీరిక లేకపోతే, భర్త పోయిన కోడలు ఆఫీసుకు సెలవు పెట్టి అత్తమామలకు ఊరు చూపిస్తుంది. ఆవిడా దేవతే అనుకోండి, కానీ తను అంత మంచిదాన్ని కానని ఆవిడ నోటే చెప్పిస్తాడు దర్శకుడు. ఆ దేశం ఆ సినిమా చూసి ఏడ్చి ఊరుకోలేదు. 2000లో ముసలివాళ్ళ సంరక్షణకు ప్రత్యేకంగా బీమా పెట్టింది. నలభై ఏళ్ళు దాటినవాళ్ళందరూ దానికి డబ్బు కట్టాలి. కోడలి మంచితనం మీద దేశమంతా ఆధారపడి కూర్చోకూడదని వాళ్ళకు తెలిసొచ్చింది.

మన దగ్గరా చట్టం ఉంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం. కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు, ఆర్డీవో స్థాయి అధికారి ముందు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు పదివేల రూపాయలకు మించకుండా మనోవర్తి ఇప్పిస్తారు. చూసుకుంటానన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. ఆ షరతు కాగితంలో ఉండి తీరాలని 2022లో ఒక కేసులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో ఇంకో తల్లి కేసులో కొడుకు విడిగా రాసిచ్చిన హామీనీ చూసి, చట్టాన్ని పెద్దవాళ్ళ పక్షాన విశాలంగా చదవాలంటూ ఆవిడ ఆస్తి ఆవిడకిప్పించింది. కాబట్టి అమ్మలూ, ప్రేమతో రాసిచ్చినా సరే, ఆ షరతు ఒక్క వాక్యం దస్తావేజులోనే రాయించండి. పాల పెద్దమ్మ రాయించుకోలేదు. పెళ్ళయిన కూతురికీ బాధ్యత ఉందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది, అదీ గుర్తుంచుకోండి.

ఆ చట్టాన్ని కూడా నేను కథ చదివినట్టే చదివాను. అందులో పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి పేరే లేదు. చట్టంలో పేరు లేదు, సినిమాలో నింద ఉంది, ఇంట్లో పని ఉంది. ఎంత విచిత్రమో చూడండి! పైగా చట్టమైనా, సినిమాలాగే గొడవ అయ్యాక వస్తుంది. గొడవకు ముందు చేసుకోవలసింది మనమే చేసుకోవాలి.

అందుకని పాల పెద్దమ్మ మాట విన్న మరుసటి ఆదివారం, మా మరిదిని అమెరికా నుంచీ, ఆడపడుచును విశాఖపట్నం నుంచీ ఫోన్లో కూర్చోబెట్టాం. ఒక తెల్ల నోటుపుస్తకం తీశాను. అత్తగారే అధ్యక్షురాలు. తమాషా ఏమిటంటే, అప్పటిదాకా ఆవిడకేం కావాలో ఆవిణ్ణి ఎవ్వరం అడగలేదు!

ఆవిడ నాలుగే చెప్పారు. వంతులు వద్దన్నారు. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రి చిన్న దీపం కావాలన్నారు. రాత్రిపూట ఒక ఆడమనిషిని పెడితే తన ఫ్యామిలీ పెన్షన్లోంచి జీతమిస్తానన్నారు. ఇన్నాళ్ళూ పరాయి మనిషి వద్దన్నది మేమే, ఆవిడ కాదు. ఇక ఆఖరిది, తెలివి లేకుండా గొట్టాల మీద బతికించి ఉంచవద్దని. దానికీ పద్ధతి ఉంది. ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీ చేత గాని గెజిటెడ్ అధికారి చేత గాని ధ్రువీకరింపజేసుకుంటే చాలని 2023లో సుప్రీంకోర్టు సులువు చేసింది. మరిది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ ఇష్టప్రకారమే రాయండి వదినా" అన్నాడు.

మిగతా పేజీల్లో మందుల పట్టిక, బ్యాంకు ఖాతాకు నామినీ, నవంబరులో ఇవ్వాల్సిన బతికున్నట్టు పత్రం, పెద్దవాళ్ళ సాయానికి ప్రభుత్వం పెట్టిన 14567 నంబరు. ఆడపడుచు ఏటా రెండు నెలలు వచ్చి ఉంటానంది. ఆ రెండు నెలలకు ఎదురుగా నేను 'నాకు సెలవు' అని రాసుకున్నాను. ఆ మాట రాయడానికి నాకు ముప్పై ఏడేళ్ళు పట్టింది. అత్తగారు అది చదివి, ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారంతే.

ఆ రాత్రి ఆవిడకు 'మిథునం' మళ్ళీ చదివి వినిపించాను. అయిపోయాక అడిగాను, "అత్తయ్యా, ఆ తర్వాత బుచ్చిలక్ష్మి ఏమై ఉంటుందంటారు?" అని.

ఆవిడ కాసేపాలోచించి, "కోడలి దగ్గరికే పోయుంటుందిలేవే. కానీ ఆ కోడలి వయసెంతో, దాని మోకాళ్ళెలా ఉన్నాయో ఆ రాసినాయన కనుక్కోవద్దూ?" అన్నారు.

ఆ కథ ఎవరైనా రాస్తే పంపించండి, ఈ పేజీలోనే దాని గురించి రాస్తాను. ఏడుపు కాస్త తక్కువైనా ఫర్వాలేదు.