గోడ మీది రాత, కోటకు వేలాడిన తల

ఊరూరా తిరిగే దయ్యపు పుకారుకు రచయిత ఉండడు గానీ, పట్టుగల నిర్మాణం ఉంటుంది. 1990లలో తెలుగు పల్లెల్లో తలుపుల మీద, గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సుద్దతోనో బొగ్గుతోనో రాసుకున్నారు. రాత్రిపూట తెలిసినవాళ్ల గొంతుతో ఒక ఆడమనిషి పిలుస్తుందని, పలికితే ప్రాణం పోతుందని ప్రచారం. కన్నడనాట అదే 'నాళె బా'. 2018లో వచ్చిన హిందీ చిత్రం 'స్త్రీ'కి ఆధారం ఇలాంటి పుకారే.

ఈ పుకారులో దయ్యం రూపం ఎవరికీ తెలియదు. వినబడేది మాత్రం అమ్మ గొంతో అక్క గొంతో. అయినవాళ్ల పిలుపునే అనుమానించాల్సి రావడం ఇక్కడి అసలు భయం. పైగా ఆ దయ్యం రాత చదువుతుంది, చదివి వెనుదిరుగుతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. ఇంత కచ్చితమైన నియమం ఉన్నచోటే కథకుడికి సందు దొరుకుతుంది. వానకు సుద్ద చెరిగిపోయిన రాత్రి ఏమవుతుంది? చదువురాని ముసలమ్మ ఒంటరిగా ఉండే ఇంటి తలుపు మీద ఎవరు రాసిపెడతారు?

రేనాటి సీమలోని కోయిలకుంట్లలో అయితే పుకారుతో పనిలేని భయం చరిత్రలోనే ఉంది. ఈస్టిండియా కంపెనీపై తిరగబడి 1846లో ఇక్కడి ఖజానాపై దాడి చేసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఇదే ఊళ్లో జనం చూస్తుండగా ఉరితీశారు. ఆయన తలను 1877 వరకు కోటకు వేలాడదీసి ఉంచారు. ఉరితీసిన ఏడు పుట్టిన పిల్లవాడు ఆ తల కింద నుంచే నడుస్తూ పెరిగి, పెళ్లాడి, తన బిడ్డను చంకనెత్తుకుని ఉంటాడు. ఇందులోకి దయ్యాన్ని తెస్తే రేనాటి వీరుడికి అన్యాయం జరుగుతుంది. తలెత్తి చూడకుండా నడవడం నేర్చుకున్న ఊరిని రాస్తే చాలు, బ్రిటిష్ దొరతనపు క్రూరత్వం దానంతటదే బయటపడుతుంది.

బనగానపల్లె దగ్గరి యాగంటి బసవన్నది వేరే దారి. ఒకప్పుడు ఈ నంది విగ్రహం చుట్టూ ప్రదక్షిణ చేసేవారని, అది పెరిగిపెరిగి దారి మూసుకుపోయిందని చెబుతారు. కలియుగాంతాన బసవన్న లేచి రంకె వేస్తాడని కాలజ్ఞానం పేరిట ప్రచారంలో ఉంది. భక్తికి నెలవైన ఈ నమ్మకం నుంచి కథకుడు నేర్చుకోవాల్సింది నిదానం. మనిషి పట్టేంత సందు ఏటేటా ఇరుకవుతుంటే, ఎవరూ అరవకుండానే గుండె బిగుస్తుంది.

చేతబడి కథలకు మాత్రం జాగ్రత్త కావాలి. ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి, పళ్లు పీకి, చంపిన ఘటనలు తెలుగు నేల మీద నిజంగా జరిగాయి. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' నవలలో క్షుద్రవిద్యకు ఎదురుగా వైద్యాన్నీ నిలబెట్టారు. పాఠకుడి ఊగిసలాటతోనే ఉత్కంఠ పెరిగింది. పల్లె పుకారును కథగా మలిచేటప్పుడూ ఆ ఊగిసలాటను చివరిదాకా నిలపవచ్చు. అప్పుడు నేరం ఏ ఒంటరి ఆడమనిషి నెత్తినా పడదు.